వద్దామనే ఉంటుంది

సేవ చెయ్యాలన్న కోరిక లేని పెద్దవాళ్లు నాకు అరుదుగా తగిలారు. పెన్షనర్ల సంఘం మీటింగు దగ్గరో, పొద్దున్నే వాకింగ్ ముగించి పార్కు బెంచీ మీద కూర్చున్నవాళ్ల దగ్గరో కదిపి చూడండి. "ఏదో ఒకటి చెయ్యాలండీ, ఎంతసేపని టీవీ ముందు కూర్చుంటాం" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. ఆర్నెల్లు పోయాక మళ్లీ పలకరిస్తే అదే బెంచీ, అదే కోరిక. "వద్దామనే ఉంటుందండీ, కుదరట్లేదు."

దీన్ని బద్ధకమని కొట్టిపారేసి, మనసుంటే మార్గముంటుందని ఒక మాట చెప్పి ఊరుకునే పుస్తకాలు చాలా ఉన్నాయి. నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకి, తెలంగాణలో 61కి రిటైరవుతాడు. అప్పటికి మనసుంటుంది, తీరికుంటుంది, ముప్ఫై ఏళ్ల పైబడిన పనితనం ఉంటుంది. ఒంట్లో ఓ మోస్తరు ఓపిక కూడా ఉంటుంది. ఆ మనసుకీ వీధి గుమ్మానికీ మధ్య అడ్డుపడేవి చాలా చిన్న విషయాలు. పైకి చెబితే ఎదుటివాళ్లు నవ్వుతారేమో అనిపించేంత చిన్నవి. అందుకే ఎవరూ చెప్పరు, కుదరట్లేదు అని తప్పించుకుంటారు. మిమ్మల్ని ఇంట్లోంచి కదిలించేదేమిటో, కదిలాక మధ్యలో ఆపేసేదేమిటో ముందే తెలిస్తే మీకు సరిపడే పని వెతుక్కోవచ్చు. ఈ అధ్యాయం దాని గురించే.

ఎవరో ఒకరు అడగాలి

అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నోటీసు అంటిస్తారు. ప్రభుత్వ పాఠశాలలో సేవ చెయ్యదలచిన సీనియర్ సిటిజన్లు ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి అని. లిఫ్టు వచ్చేలోపు అందరూ చదువుతారు. మంచి పని అనుకుంటారు. ఫోన్ మాత్రం చెయ్యరు. అదే మెట్ల దగ్గర ఎదురింటావిడ ఆపి, "వదినా, మంగళవారం పొద్దున ఓ గంట నాతో రాగలవా? బళ్లో పిల్లల పుస్తకాలకి అట్టలు వెయ్యాలి, నా ఒక్కదానివల్ల తెమలట్లేదు" అందనుకోండి, కాదనడం కష్టం. రోజు తెలిసింది, ఎంతసేపో తెలిసింది, చేసే పని తెలిసింది, పక్కన ఎవరుంటారో తెలిసింది. కొత్త చోట ఎవరితో మాట్లాడాలో, ఎక్కడ కూర్చోవాలో అన్న బెరుకు కూడా తీరిపోయింది. తెలిసినవాళ్లు నేరుగా అడగడమే మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువగా కదిలిస్తుందని స్వచ్ఛంద సేవ మీద జరిగిన సర్వేల్లో పదేపదే తేలింది.

పెద్దవాళ్ల విషయంలో ఇది మరీ నిజం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సంతకానికో, సలహాకో, సెలవుకో రోజంతా అడిగేవాళ్లే. రిటైరయ్యాక ఫోన్ మోగితే లోన్ కావాలా అనే గొంతు. ప్రభుత్వం అడిగేది ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్. బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేసి చూపించుకునే మనిషితో ఎవరైనా "మీరు రాకపోతే మాకు ఇబ్బందవుతుంది మాస్టారూ" అంటే, ఆ మాట ఎంత దూరం నడిపిస్తుందో నేను చూశాను.

కనుక అడిగేవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చేదాకా ఆగకండి, అడిగించుకోండి. మీకు తెలిసినవాళ్లలో ఇప్పటికే ఏదో ఒక చోటికి వెళ్తున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. గుళ్లో అన్నదానానికో, రక్తదాన శిబిరానికో, అనాథ పిల్లల హాస్టల్‌కో. "ఈసారి వెళ్లేటప్పుడు నన్ను పిలు, ఊరికే చూసొస్తాను" అనండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. పిలవడానికి వాళ్లూ మొహమాటపడుతూనే ఉంటారు.

మీ కారణం ఏమిటో మీకు తెలియాలి

అమెరికాలో గిల్ క్లేరీ, మార్క్ స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు కలిసి 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. మనుషులు సేవకి ఎందుకు వస్తారన్నదానికి వాళ్లు ఆరు కారణాలు చెప్పారు. నమ్మిన విలువలు, కొత్త సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తి, నలుగురితో కలవడం, ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆశ, సొంత బాధల నుంచి కాసేపు తప్పుకోవడం, తన మీద తనకు గౌరవం పెరగడం. వయసు పెరిగేకొద్దీ ఉద్యోగం సంగతి ఎలాగూ రాలిపోతుంది. నలుగురి తోడు కోసం వచ్చేవాళ్లు పెరుగుతారు.

వీటిలో ఏదీ తక్కువది కాదు. మన ఇళ్లలో ఇంకా ఒక బాధ ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. భర్త పోయినావిడ పెళ్లికి పిలుపొచ్చినా ఎదురు రావడానికి జంకుతుంది, పేరంటానికి పిలుపే రాదు. ఏళ్లతరబడి తిరిగిన బంధువుల ఇళ్లు ఒక్కసారిగా మూసుకుపోతాయి. అలాంటి ఆవిడ ఆస్పత్రి ఓపీ దగ్గర పేషెంట్లకి చీటీలు రాసి పెట్టడానికి వెళ్తే, అక్కడ నుదుటి వంక ఎవరూ చూడరు. "అమ్మా, ఎముకల డాక్టరు ఏ గదిలో ఉంటాడు" అని అడుగుతారు. ఆవిడ సేవ కోసం వెళ్తోందా, తనకొక చోటు కావాలని వెళ్తోందా అని తూకం వెయ్యడానికి మనమెవరం?

ఒక్కటి మాత్రం చెప్పాలి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూలు చదువు ముగించిన వేలమందిని పరిశోధకులు దశాబ్దాల తరబడి అనుసరించారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక, 2004లో, సేవకి ఎందుకు వెళ్తున్నారని అడిగారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఎదుటివాళ్ల కోసం వెళ్తున్నామన్నవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. తమ మేలు కోసమే వెళ్తున్నామన్నవాళ్లకీ, అసలు వెళ్లనివాళ్లకీ పెద్ద తేడా లేదు. 2012లో అచ్చయిన పరిశోధన ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సేవకి ఎక్కువ వెళ్తారు కాబట్టి ఇలాంటి ఫలితాలను కాస్త ఆచితూచి చదవాలి. అయినా ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఉంది. బీపీ తగ్గుతుందని, మతిమరుపు రాదని సేవను మందుబిళ్లలా వేసుకుంటే, నెల తిరక్కుండానే గుణం కనిపించలేదని మానేస్తాం. ఎదురుగా ఉన్న మనిషి అవసరం మీద కన్నుంటే మన సంగతి మనకు గుర్తుండదు. ఆ గుర్తులేకపోవడంలోనే మేలుంది.

మనలో బాగా నడుస్తున్న సేవ ఒకటుంది, దాన్ని పరిశీలించడం మంచిది. తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో శ్రీవారి సేవ మొదలుపెట్టింది. ఇంటి దగ్గర కూరగాయలు తరగడానికి కోడలిని పిలిచే ఆవిడ అక్కడికి వెళ్లి అన్నప్రసాదం కోసం గంటల తరబడి కింద కూర్చుని కూరగాయలు తరుగుతుంది. క్యూలైన్లో భక్తులకి మంచినీళ్లు అందిస్తుంది. భక్తి అసలు కారణం, అందులో సందేహం లేదు. అయితే ఆ ఏర్పాటులో కూడా బలం ఉంది. ఎన్ని రోజులో ముందే తెలుస్తుంది. ఊళ్లోంచి ఒక బృందంగా వెళ్తారు. ఏ రోజు ఏ పని అన్నది అక్కడివాళ్లే చెబుతారు. వేసుకునే కండువా చూసి ఎదుటివాళ్లు మర్యాదగా పక్కకి తప్పుకుంటారు. ఇన్ని అమరినప్పుడు వయసు అడ్డు రాలేదు. (వయసు పరిమితులు ఉంటాయి కాబట్టి పేరు నమోదు చేసుకునే ముందు అవి చూసుకోండి.) మన కాలనీలో పనికి ఎవరూ రావట్లేదని బాధపడే నిర్వాహకులు ఈ ఏర్పాట్లలో సగమైనా చేసి చూడాలి.

అడుగు వెనక్కి పడేది ఇక్కడ

అందరూ చెప్పడానికి సిగ్గుపడేదాంతో మొదలుపెడతాను. బాత్రూమ్.

బీపీకి వేసుకునే కొన్ని మాత్రల వల్ల మూత్రం ఎక్కువగా వస్తుంది. షుగరున్నవాళ్ల ఇబ్బంది అందరికీ తెలిసిందే. అరవై దాటిన మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి వాపు మామూలు. ఆడవాళ్లకైతే కాన్పుల తర్వాత మొదలైన ఇబ్బంది వయసుతో పెరుగుతుంది. రెండు గంటలకొకసారైనా వెళ్లాల్సిన మనిషి, బాత్రూమ్ ఎక్కడుందో తెలియని చోటికి వెళ్లడానికి భయపడటంలో వింతేముంది? బయల్దేరే ముందు కాఫీ మానేస్తారు, నీళ్లు మానేస్తారు, చివరికి వెళ్లడమే మానేస్తారు.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు హాస్టల్ పిల్లలకి లెక్కలు చెప్పడానికి ఒప్పుకున్నారు. కొన్నాళ్లు వెళ్లారు, మానేశారు. పిలిచిన కుర్రాడు ఆయనకు ఆసక్తి పోయిందనుకున్నాడు. అసలు సంగతి వేరు. క్లాసు రెండో అంతస్తులో. బాత్రూమ్ కింద, దానికి తాళం. తాళంచెవి వార్డెన్ దగ్గర. పాతికేళ్ల కుర్రాడి ముందు, పిల్లల ముందు, అరవయ్యారేళ్ల పెద్దమనిషి తాళంచెవి అడుక్కోవడం ఎలా? ఆయన భార్య ఆ మాట ఎవరితోనో అంటే అది ఆ కుర్రాడి చెవిన పడింది. క్లాసుని కింది గదికి మార్చాడు, తాళంచెవి ఒకటి అదనంగా చేయించాడు. ఆయన మళ్లీ వెళ్తున్నారు.

మోకాళ్లు, చూపు, వినికిడి, సంజె చీకటి పడ్డాక రోడ్డు దాటడం, అన్నీ ఇదే కోవలోవి. వినికిడి గురించి మరీ తక్కువ మాట్లాడుకుంటాం. మీటింగులో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే సగం వినిపించదు. మళ్లీ చెప్పమని ఎన్నిసార్లు అడుగుతాం? నవ్వి ఊరుకుంటాం, మరోసారి రాం. ఇది మీ పరిస్థితి అయితే గుంపు పని మానుకుని ఒకరితో ఒకరు కూర్చుని చేసే పని అడగండి. ఒక పిల్లాడితో కూర్చుని చదివించడం, ఒక పేషెంటు చీటీ నింపడం. ఎదురుగా ఒకే గొంతు ఉంటే వినడం తేలిక.

రెండో అడ్డంకి ప్రేమ. "ఈ వయసులో మీకెందుకు నాన్నా, ఎక్కడైనా పడితే?" అని కొడుకు ఫోన్లో అంటాడు. కాదనలేం, ఎందుకంటే వాడు నిజంగానే భయపడుతున్నాడు. హైదరాబాద్‌లో రోడ్డు డాక్టరుగా పేరొందిన గంగాధర తిలక్ కాట్నంగారి సంగతి చాలామందికి తెలుసు. దక్షిణ మధ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చి వేరే ఉద్యోగంలో చేరారు. రోడ్డు గుంతల వల్ల జరిగే ప్రమాదాలు చూసి ఉండబట్టలేక, సొంత డబ్బుతో మట్టీ కంకరా తెచ్చి గుంతలు పూడ్చడం మొదలుపెట్టారు. పెన్షన్ డబ్బు అందులో పోస్తుంటే ఇంట్లోవాళ్లు మొదట కంగారుపడ్డారు, అమెరికాలో ఉన్న కొడుకుదాకా విషయం వెళ్లింది. చివరికి ఆ కొడుకే అండగా నిలిచాడు, భార్య వెంకటేశ్వరిగారు ఆయనతో కలిసి రోడ్డెక్కారు. ఇంట్లోవాళ్లతో వాదించి గెలవడం నేను ఎక్కడా చూడలేదు. ఒకసారి వెంట తీసుకెళ్లి చూపించినవాళ్లకి మాత్రం ఇంట్లో అడ్డు తగ్గింది. మీ అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు ఓ పూట మీరు వెళ్లే చోటికి తీసుకెళ్లండి. వెళ్లి వచ్చే దారి, అక్కడ మీ పక్కనుండే మనుషులు, ఏదైనా అయితే ఫోన్ ఎవరు చేస్తారు అన్న మూడూ తెలిస్తే వాడి భయం చాలావరకు తగ్గుతుంది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. వంటింటికి రిటైర్మెంట్ వయసు ఎవరూ పెట్టలేదు. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ మనవడిని స్కూలు బస్సెక్కించి, కోడలికి బాక్సు కట్టి, మంచం పట్టిన భర్తకి ఇన్సులిన్ వేసి, పదకొండింటికి ఊపిరి పీల్చుకుంటుంది. ఆవిణ్ణి పొద్దున తొమ్మిదింటికి రమ్మంటే ఎలా వస్తుంది? ఆవిడకి ఖాళీ పదకొండున్నర నుంచి రెండున్నర వరకు. ఆ వేళకి పని ఉంటే వస్తుంది. చేతిలో సొంత డబ్బు లేకపోవడం ఇంకో సంకెల. "ఆటోకి ఇవ్వండి" అని భర్తనో కొడుకునో అడిగి సేవకి వెళ్లడం ఎవరికి ఇష్టం? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేని ప్రయాణం వచ్చింది. ఆ పథకాల మంచిచెడ్డల మీద ఎన్ని చర్చలైనా జరగనివ్వండి. పెద్దావిడ ఎవరినీ అడక్కుండా ఆధార్ కార్డు చేతపట్టుకుని బస్సెక్కి తనకి నచ్చిన చోటికి వెళ్లగలగడం చిన్న సంగతి కాదు. సేవాసంస్థలు ఈ మార్పుని ఇంకా సరిగ్గా వాడుకోలేదని నా అభిప్రాయం.

డబ్బు భయం మగవాళ్లకీ ఉంది, అది చందా రూపంలో ఉంటుంది. ఒకసారి వెళ్తే రసీదు పుస్తకం తీస్తారేమో, కార్యదర్శినో కోశాధికారినో చేసి ఖర్చంతా మీద పెడతారేమో అని. చాలాచోట్ల అదే జరుగుతుంది కూడా. వెళ్లిన మొదటి రోజే మర్యాదగా చెప్పెయ్యండి: "నేను రెండు గంటలు ఇవ్వగలను, డబ్బు ఇవ్వలేను." నిజంగా మనిషి కావలసినవాళ్లు ఆ మాటకి సంతోషిస్తారు.

హోదా ఇంకోటి. తహసీల్దారుగా చేసినాయన, బ్యాంకు మేనేజరుగా చేసినాయన, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి "అంకుల్, ఈ కుర్చీలు ఆ పక్కకి వేస్తారా" అంటే లోపల ముడుచుకుపోతారు. ఇది అహంకారమే అని నేను అనను. ముప్ఫై ఏళ్లు ఒక కుర్చీలో కూర్చున్న శరీరానికి అది అలవాటు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది కూడా అంతే హాని చేస్తుంది. పెద్దవారని వేదికెక్కించి, శాలువా కప్పి, ఫ్లెక్సీలో ఫోటో వేసి, పని మాత్రం ఏదీ ఇవ్వరు. రెండు మూడు శాలువాలయ్యాక ఆ మనిషికి తానక్కడ ఎందుకున్నాడో అర్థం కాదు. పాత హోదాకి సంబంధం లేని పని ఎంచుకోవడం దీనికి మందు. రిటైర్డ్ మేనేజరు లెక్కల పుస్తకం చూడటానికి వెళ్తే ప్రతిదానికీ తప్పు పడతాడు, గొడవవుతుంది. మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్తే అక్కడ ఆయన కూడా కొత్తవాడే, నేర్చుకుంటాడు.

ఇక, మంచి ఉద్దేశంతో చేసినా వెనక్కి లాగే పని ఒకటుంది. భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మగారు 1929లో పుట్టారు. మోకాళ్లకి ఆపరేషన్లయ్యాక, తొంభై దాటిన వయసులోనూ, చేతికర్రల సాయంతో విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యగారు జీవితమంతా మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఇలాంటివాళ్ల కథలే రోజూ వాట్సాప్‌లో తిరుగుతుంటే మామూలు మనిషి ఏమనుకుంటాడు? చేస్తే అంత చెయ్యాలి, మనవల్ల ఎక్కడవుతుంది అని. ఫార్వర్డ్ చేసి ఫోన్ పక్కన పెడతాడు. వారానికి రెండు గంటలు బడికి వెళ్లి అట్టలు వేసే ఆవిడ గురించి ఎవరూ రాయరు. మనకి దారి చూపేది ఆవిడే.

ఒక పాప పక్కన కూర్చుంటే

ఒక ప్రాథమిక పాఠశాల వరండాలో చూసిన దృశ్యం చెబుతాను. మూడో తరగతి పాప, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక తాతగారు. పాప చేతిలో తెలుగు వాచకం. "పు... స... త... కం" అంటోంది. ఒత్తు దగ్గర ఆగిపోతోంది. ఆయన తప్పు అనలేదు. స కింద ఉన్న త ఒత్తు మీద పెన్సిల్ మొన ఆనించి, ఏమీ మాట్లాడకుండా ఆగారు. పాప ఆ మొన వంక చూసింది, పెదవులు కదిపింది, "పుస్తకం" అంది. తర్వాతి వాక్యంలో "రాస్తాడు" వచ్చింది. ఈసారి పెన్సిల్ అక్కర్లేకపోయింది. ఆ తరగతికి ఒకే టీచరు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు, ముప్ఫైకి పైగా పిల్లలు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఒత్తు దగ్గర ఆగే తీరిక టీచరుకి లేదు. తాతగారికి ఉంది.

పేజీ అయిపోయాక పాప అడిగింది, "తాతా, మొన్న ఎందుకు రాలా?" కంటి డాక్టరు దగ్గరికి వెళ్లానని ఆయన సంజాయిషీ చెప్పుకున్నారు. నాతో తర్వాత అన్న మాట ఇది: "నేను రాకపోతే లెక్కలోకి తీసుకునే మనిషి ఒకరున్నారండీ. ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటున్నాను, ఆ రోజు ఏ పనీ పెట్టుకోకూడదని." వెళ్లడానికి పిలుపు కావాలి. వెళ్తూనే ఉండటానికి, రాని రోజున వెతికే కళ్లు కావాలి.

అమెరికాలో ఇదే పనిని ఎక్స్‌పీరియన్స్ కోర్ పేరుతో పెద్ద ఎత్తున చేశారు. 1990లలో మొదలైన ఆ కార్యక్రమంలో అరవై దాటినవాళ్లు ప్రాథమిక పాఠశాలల్లో చిన్న తరగతుల పిల్లలకి చదువులో సాయం చేశారు. బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. వారానికి పదిహేను గంటలు. ఒక్కొక్క బడికి ఒంటరిగా కాకుండా బృందంగా పంపారు, ముందుగా శిక్షణ ఇచ్చారు, ఖర్చుల కింద కొద్ది మొత్తం చేతికిచ్చారు. దాంతో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు కూడా రాగలిగారు. 2015లో వచ్చిన ఫలితాల్లో, రెండేళ్లు పాల్గొన్న మగవాళ్ల మెదడులో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగం మామూలుగా వయసుతో కుంచించుకుపోవాల్సింది పోయి కాస్త పెరిగినట్టు కనిపించింది. నాకు ఆ స్కాన్‌ల కన్నా ఆ ఏర్పాటు ముఖ్యమనిపిస్తుంది. చార్జీలకి డబ్బు, పక్కన తోడు, చేసే పని మీద స్పష్టత. మనం పైన చెప్పుకున్న అడ్డంకుల్లో సగం వాళ్లు ముందే తీసేశారు.

ఎంత, ఎక్కడ, ఏం పని

వారానికి పదిహేను గంటలు మనకి ఎక్కువే. పెద్దవాళ్ల ఆరోగ్యం మీద జరిగిన కొన్ని పరిశోధనల్లో ఏడాదికి సుమారు వంద గంటల దగ్గర మేలు కనిపించింది. అంతకు మించి చేసినంత మాత్రాన మేలు అదే లెక్కన పెరగలేదు. అంటే వారానికి రెండు గంటలు. అది చాలు. ఉత్సాహం కొద్దీ మొదట్లో రోజూ వస్తానని మాటివ్వకండి. రోజూ వస్తానన్నవాళ్లే త్వరగా మానేస్తారు.

చోటు ఇంటికి దగ్గరుండాలి. నడిచి వెళ్లగలిగితే మంచిది, లేదా బస్సు మారకుండా ఒకే బస్సులో వెళ్లగలగాలి. మొదటిసారి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా బాత్రూమ్ అడిగి చూసుకోండి, మెట్లు చూసుకోండి, కుర్చీకి వీపు ఆనుతుందో లేదో చూసుకోండి. నాకు పని చెప్పేది ఎవరు, నేను రాలేకపోతే ఎవరికి చెప్పాలి అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి జవాబు లేని చోట మీకోసం ఎవరూ ఎదురుచూడరు. అక్కడ ఎక్కువ రోజులు నిలవరు. ఒక నెల వచ్చి చూస్తానని మాత్రమే ఒప్పుకోండి.

పనికి సంబంధించిన నిబంధనలు కూడా ముందే కనుక్కోవాలి. చూపులేని విద్యార్థులకి పరీక్ష రాసి పెడదామని చాలామంది విశ్రాంత ఉపాధ్యాయులు ముందుకొస్తారు. పరీక్ష రాసేవాళ్ల చదువు విద్యార్థి చదువు కన్నా తక్కువ ఉండాలని నిబంధనలు ఉంటాయి కాబట్టి ఎమ్మే చదివిన మాస్టారిని వద్దంటారు. ఆయన చిన్నబుచ్చుకుని వచ్చేస్తారు. అదే మాస్టారు ఆ విద్యార్థుల పాఠ్యపుస్తకాలను ఫోన్లో చదివి రికార్డు చేసి ఇస్తే ఏ నిబంధనా అడ్డు రాదు, ఏడాదంతా పనికొస్తుంది. రక్తదానం కూడా అంతే. మనదేశంలో అరవై అయిదు దాటితే తీసుకోరు. అయితే శిబిరంలో ఇచ్చి వచ్చినవాళ్ల పక్కన పది నిమిషాలు కూర్చుని, పళ్లరసం తాగించి, కళ్లు తిరుగుతున్నాయేమో కనిపెట్టే మనిషి కావాలి. అది పెద్దవాళ్లు చేసినంత బాగా కుర్రాళ్లు చెయ్యలేరు.

కదల్లేనివాళ్ల మాట. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని తోడుగా వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాల పేజీలు టైపు చేసి, అచ్చుతప్పులు సరిదిద్దే పని ఎప్పుడూ ఉంటుంది. పాత లిపీ పాత మాటలూ చదవగల కళ్లు ఈ తరంలో తగ్గిపోతున్నాయి. మంచం మీద కూర్చుని రోజుకొక పేజీ చేసినా ఆ పేజీ నిలిచిపోతుంది. తప్పు చేస్తానేమోనని కంగారు వద్దు, మరొకరు మళ్లీ సరిచూస్తారు. మొదట్లో తెలుగు టైపింగ్ దగ్గర ఇబ్బందవుతుంది. మనవరాలిని ఓ పూట పక్కన కూర్చోమనండి.

మధ్యలో ఆగాల్సి వస్తే

చాలామంది మొదలుపెట్టకపోవడానికి ఇంకో కారణం, మొదలుపెడితే మానలేమేమోనన్న భయం. కూతురి పురుడుకి అమెరికా వెళ్తే ఆర్నెల్లు ఇంటికి తాళం. కంటి శుక్లాల ఆపరేషనయితే నెలరోజులు దుమ్ములోకి వెళ్లకూడదు. భార్యకి ఒంట్లో బాగోకపోతే ఎన్నాళ్లో తెలియదు. ఇచ్చిన మాట తప్పినట్టవుతుందని ఇవ్వడమే మానేస్తారు. మాటకి విలువిచ్చే మనుషులే ఇలా ఆగిపోతున్నారని తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

చేరే రోజునే ఈ సంగతి చెప్పండి. "జూన్ నుంచి నవంబరు దాకా ఉంటాను, ఆ తర్వాత అమ్మాయి దగ్గరికి వెళ్తాను" అంటే ఏ హెడ్మాస్టరూ వద్దనరు, జూన్‌లో మొదలై దసరా దాటి నడిచే పని ఏదో ఒకటి చూపిస్తారు. వెళ్లే రెండు వారాల ముందు ఒక నోటుపుస్తకంలో మీ పిల్లల పేర్లు రాసి, ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో, ఎవరికి ఏ ఒత్తు దగ్గర కష్టమో రాసి టీచరు చేతికివ్వండి. పిల్లలకి మీరే చెప్పండి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో. చెప్పకుండా మాయమైతే పెద్దవాళ్లు సర్దుకుంటారు గానీ పిల్లలు సర్దుకోరు. మీరు తిరిగొచ్చే నెల ఆ పుస్తకం మొదటి పేజీలో రాయండి, అక్కడున్న మీ కుర్చీ వేరే ఎవరికైనా ఇచ్చినా ఫర్వాలేదు, వచ్చాక వేసుకోవడానికి ఇంకో కుర్చీ ఉంటుందేమో ముందే అడిగి ఉంచండి.